ఎంబెడెడ్ పరికరాలకు పెన్‌డ్రైవ్ జోడించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పలమనేరు, బంగారుపాళ్యం వైపు పాల సేకరణ కేంద్రాల్లో కాటా, వెన్న శాతం కొలిచే యంత్రం, చీటీలు కొట్టే ప్రింటరు పక్కపక్కన ఉంటాయి. వాటన్నిటినీ కలిపే చిన్న పెట్టె ఒకటి ఉంటుంది. చాలా కేంద్రాల్లో ఆ పెట్టెకు పెన్‌డ్రైవ్ పెట్టే సందు ఉంటుంది. డెయిరీ నుంచి కొత్త రేటు చార్టు వచ్చేది, రైతుల లెక్కలు డెయిరీకి వెళ్లేది అందులోంచే. చిత్తూరు చుట్టూ ఉన్న మామిడి గుజ్జు కర్మాగారాల్లో ఉష్ణోగ్రత నమోదు చేసే పరికరాలకు, ఊరి గుడిలో ఉదయాన్నే భక్తిగీతాలు వినిపించే పెట్టెలకు కూడా ఇదే అవసరం.

ఇలాంటి ఎంబెడెడ్ పరికరాలు, అంటే లోపల చిన్న కంప్యూటరు చిప్ ఉండి ఒక నిర్దిష్ట పని చేసేవి, తయారుచేసే తిరుపతి, రేణిగుంట, చిత్తూరు మిత్రులు, ప్రాజెక్టు పనిలో ఉన్న ఇంజనీరింగ్ విద్యార్థులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. మైక్రోకంట్రోలర్‌కు సీ భాషలో ప్రోగ్రాము రాసిన అనుభవం ఉంటే ఈ పేజీ అర్థమవుతుంది.

పెన్‌డ్రైవ్ కంప్యూటర్‌లో పెట్టగానే తెరుచుకుంటుంది. నా బోర్డులో ఎందుకు తెరుచుకోదు?

కంప్యూటర్‌లో తెరుచుకోవడానికి కారణం కంప్యూటరే. యూఎస్‌బీలో రెండు వైపులూ సమానం కావు. ఒకటి హోస్ట్, రెండోది డివైస్. హోస్ట్ అడగనిదే డివైస్ ఒక్క బైటు కూడా పంపదు. కరెంటు ఇవ్వడం, వచ్చింది ఏమిటో కనుక్కోవడం, దానికి చిరునామా కేటాయించడం, తగిన డ్రైవరును ఎంచుకోవడం, మధ్యలో తప్పు జరిగితే సరిదిద్దడం అన్నీ హోస్ట్ పనులే. బోర్డుకు పెన్‌డ్రైవ్ జోడిస్తున్నారంటే ఆ పనులన్నీ మీ ఫర్మ్‌వేర్ (చిప్‌లో ఎక్కించిన ప్రోగ్రాము) నెత్తికెత్తుకుంటోందని అర్థం.

పరికరం మీది, పెన్‌డ్రైవ్ ఎవరిదో. అది ఏ కంపెనీదో, ఎంత పాతదో, అందులో ఏముందో, దాన్ని ఏ క్షణంలో లాగేస్తారో మీకు తెలియదు. కింది జవాబుల్లో చాలావరకు ఈ ఒక్క సంగతి నుంచే పుట్టినవి.

నా మైక్రోకంట్రోలర్ వివరాల్లో యూఎస్‌బీ ఉందని రాశారు. అది చాలదా?

చాలకపోవచ్చు. చిప్ కొనే ముందు డేటాషీట్‌లో హోస్ట్ లేదా ఓటీజీ (హోస్ట్‌గానూ డివైస్‌గానూ పని చేయగలది) అనే మాట ఉందో లేదో చూడండి. కేవలం యూఎస్‌బీ డివైస్ అని ఉంటే ఆ చిప్ కంప్యూటర్‌కు తగిలించుకోవడానికి పనికొస్తుంది కానీ పెన్‌డ్రైవ్‌ను నడపలేదు.

మన దగ్గర ఎక్కువగా దొరికే చిప్‌లనే తీసుకుందాం. ఎస్టీఎం32ఎఫ్103లో ఉన్నది డివైస్ మాత్రమే. ఎస్టీఎం32ఎఫ్407లో ఓటీజీ ఉంది, హోస్ట్‌గా పని చేస్తుంది. పాత ఈఎస్పీ32లో యూఎస్‌బీ లేనే లేదు. ఆ బోర్డు మీద కనిపించే సాకెట్టు వెనక ఉన్నది సీరియల్‌గా మార్చే వేరే చిప్. ఈఎస్పీ32-ఎస్2, ఎస్3లలో ఓటీజీ ఉంది. ఈఎస్పీ32-సీ3లో ఉన్నది ప్రోగ్రాము ఎక్కించడానికి, డీబగ్ చేయడానికి మాత్రమే. పికో బోర్డు మీది ఆర్పీ2040 హోస్ట్‌గా పని చేస్తుంది. ఆర్డుయినో ఊనో మీది ఏటీమెగా328కి యూఎస్‌బీ లేదు.

బోర్డు ఇప్పటికే తయారై కేంద్రాల్లో నడుస్తోంది. చిప్ మార్చకుండా పెన్‌డ్రైవ్ జోడించే దారి ఉందా?

ఉంది. ఒక సీరియల్ పోర్టో, ఎస్పీఐ (చిప్‌ల మధ్య డేటా నడిపే పద్ధతి) పోర్టో ఖాళీగా ఉంటే చాలు. సీహెచ్376 లాంటి చిప్ హోస్ట్ పనినీ, ఫ్యాట్ ఫైలు వ్యవస్థనూ (పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతి) తన లోపలే చూసుకుంటుంది. ఫలానా ఫైలు తెరువు, ఇన్ని బైట్లు రాయి, మూసెయ్ అని మీ మైక్రోకంట్రోలర్ ఆజ్ఞలు పంపితే సరిపోతుంది. ఎనిమిది బిట్ల పాత చిప్ కూడా దీంతో పెన్‌డ్రైవ్ మీద రాయగలదు.

మ్యాక్స్3421ఈ కూడా ఎస్పీఐ మీదే పని చేస్తుంది. కానీ అది కేవలం హోస్ట్ కంట్రోలర్. మాస్ స్టోరేజ్ డ్రైవరు (పెన్‌డ్రైవ్‌తో మాట్లాడే భాగం), ఫైలు వ్యవస్థ మీ ఫర్మ్‌వేర్‌లోనే ఉండాలి.

పాత బోర్డుకు అదనపు సౌకర్యంగా పెడుతుంటే మొదటి రకమే తీసుకోండి. కొత్త డిజైన్ అయితే హోస్ట్ ఉన్న మైక్రోకంట్రోలర్‌కే నా ఓటు. ఫైలు వ్యవస్థ చిప్ లోపల ఉంటే అందులో తప్పు బయటపడినప్పుడు మీరు చేయగలిగింది ఏమీ ఉండదు. మీ కోడ్‌లో ఉంటే వెతికి సరిదిద్దుకోవచ్చు.

లైనక్స్ బోర్డు పెట్టేస్తే ఈ తలనొప్పి ఉండదు కదా?

చాలావరకు ఉండదు. కెర్నల్‌లో యూఎస్‌బీ స్టోరేజ్, వీఫ్యాట్ (పొడవైన పేర్లున్న ఫ్యాట్), దానికి కావలసిన అక్షర పట్టికలు చేర్చి ఉంటే పెన్‌డ్రైవ్ పెట్టగానే కనిపిస్తుంది. తెర, నెట్‌వర్కు, డేటాబేసు కూడా కావాలనుకుంటే లైనక్సే మేలు. కానీ రేటు చార్టు చదివి, చీటీ కొట్టి, లెక్క రాసే పెట్టెకు అంత హంగు అక్కర్లేదు. కరెంటు వచ్చిన వెంటనే పెట్టె సిద్ధం కావాలి, ఖర్చు తగ్గాలి, ఉన్నట్టుండి కరెంటు పోయినా లోపలి వ్యవస్థ చెడిపోకూడదు. వీటికి చిన్న మైక్రోకంట్రోలరే నమ్మకమైనది.

పెన్‌డ్రైవ్ పెట్టగానే బోర్డు రీసెట్ అవుతోంది. కోడ్‌లో తప్పా?

కోడ్ జోలికి వెళ్లకముందు 5 వోల్టుల లైను మీద ఆసిలోస్కోపు పెట్టి చూడండి. పెన్‌డ్రైవ్ లోపలి కెపాసిటర్లు ఖాళీగా ఉంటాయి. గుచ్చిన క్షణంలో అవి ఒక్కసారిగా కరెంటు లాగుతాయి. దాంతో మీ 5 వోల్టులు కిందికి జారి, దాని మీద ఆధారపడిన 3.3 వోల్టుల రెగ్యులేటరు కూడా జారి, మైక్రోకంట్రోలర్ మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

యూఎస్‌బీ 2.0 ప్రమాణం ప్రకారం డివైస్ వైపు కెపాసిటెన్సు 10 మైక్రోఫారడ్లకు మించకూడదు. హోస్ట్ పోర్టు వైపు కనీసం 120 మైక్రోఫారడ్లు ఉండాలి. మన వాళ్ల బోర్డుల్లో చాలాసార్లు ఈ పెద్ద కెపాసిటరే కనిపించదు. సాకెట్టుకు దగ్గరగా దాన్ని పెట్టండి. టీపీఎస్2051 లాంటి పవర్ స్విచ్ చిప్ ద్వారానే సాకెట్టుకు కరెంటు ఇవ్వండి. ఎవరైనా సాకెట్టులో పిన్ను గుచ్చి షార్టు చేసినా ఆ చిప్ కరెంటును పరిమితం చేసి, తప్పు జరిగిందని మైక్రోకంట్రోలర్‌కు చెబుతుంది. ఇంకో మేలు కూడా ఉంది. మొండికేసిన పెన్‌డ్రైవ్‌కు ఫర్మ్‌వేరే కరెంటు ఆపి, మళ్లీ ఇచ్చి దారికి తేవచ్చు. కొద్ది రూపాయలు మిగులుతాయని ఈ చిప్ తీసేసిన వాళ్లు తర్వాత ఆ కేంద్రాలకు మనిషిని పంపాల్సి వస్తుంది.

డివైస్ తన వివరాలు చెప్పి అనుమతి పొందేవరకు 100 మిల్లీఆంపియర్లకు మించి వాడకూడదు. ఆ తర్వాత 500 దాకా కోరవచ్చు. ఎంత కావాలో డిస్క్రిప్టర్‌లో (డివైస్ తన గురించి చెప్పే వివరాల పట్టిక) ఉంటుంది. ఆ అంకె 2 మిల్లీఆంపియర్ల లెక్కలో ఉంటుంది కాబట్టి 150 అని ఉంటే 300 అని చదువుకోవాలి. మీ సరఫరాకు 500 ఇచ్చే శక్తి ఉంచండి. పోర్టు దగ్గర వోల్టేజి 4.75 కంటే తగ్గకుండా చూసుకోండి. కాటా, ప్రింటరు, పెన్‌డ్రైవ్ అన్నీ ఒకే సరఫరా మీద ఉంటే ప్రింటరు చీటీ కొడుతున్న సమయంలోనే కొలవండి. థర్మల్ ప్రింటరు తల వేడెక్కేటప్పుడు లాగే కరెంటు ముందు పెన్‌డ్రైవ్ లాగేది చాలా తక్కువ.

బోర్డు లేఅవుట్‌లో ఏమి చూసుకోవాలి?

రెండు డేటా తీగలనూ జంటగా, దగ్గరగా, సమాన పొడవులో, 90 ఓముల డిఫరెన్షియల్ ఇంపెడెన్సుతో నడపండి. కింద నేల (గ్రౌండ్) పొర తెగకూడదు. సెకనుకు 12 మెగాబిట్ల ఫుల్ స్పీడులో కొంచెం అటూ ఇటూ అయినా నెట్టుకొస్తుంది. 480 మెగాబిట్ల హై స్పీడులో క్షమించదు. సాకెట్టు పక్కనే యూఎస్‌బీఎల్‌సీ6 లాంటి రక్షణ డయోడ్లు పెట్టండి. పొడి వేసవిలో చేతిలోని స్థిర విద్యుత్తు ఆ సాకెట్టు దారినే లోపలికి వస్తుంది. యూఎస్‌బీ గడియారానికి క్రిస్టల్ వాడండి. చిప్ లోపలి ఆర్‌సీ ఆసిలేటరు బల్ల మీద పని చేసినట్టే ఉండి, ఎండలో రేకుల షెడ్డు కింద తప్పుతుంది.

పెన్‌డ్రైవ్ గుచ్చినప్పటి నుంచి ఫైలు తెరుచుకునే దాకా లోపల ఏమి జరుగుతుంది?

ఇది ఒకసారి క్షుణ్ణంగా తెలిస్తే సగం సమస్యలు మీ అంతట మీరే పట్టుకోగలరు.

ఫుల్ స్పీడు డివైస్ తన డీ ప్లస్ తీగను 1.5 కిలోఓముల రెసిస్టరుతో పైకి లాగుతుంది. ఏదో వచ్చిందని హోస్ట్‌కు తెలిసేది దాని వల్లే. కాంటాక్టులు కుదురుకోవడానికి హోస్ట్ కనీసం 100 మిల్లీసెకన్లు ఆగాలి. తర్వాత రీసెట్ ఇవ్వాలి. రూటు పోర్టు (హోస్ట్ సొంత సాకెట్టు) మీద అది 50 మిల్లీసెకన్లు. ఆపైన డివైస్ డిస్క్రిప్టర్‌లో మొదటి 8 బైట్లు చదువుతుంది. వాటిలో చివరి బైటు చెబితే గానీ ఎంత పెద్ద ప్యాకెట్లు పంపవచ్చో తెలియదు. ఆ తర్వాత చిరునామా ఇవ్వడం, పూర్తి డిస్క్రిప్టర్లు చదవడం, కాన్ఫిగరేషన్ ఎంచుకోవడం వరుసగా జరుగుతాయి.

ఇంటర్‌ఫేస్ డిస్క్రిప్టర్‌లో క్లాసు 08, సబ్‌క్లాసు 06, ప్రోటోకాల్ హెక్స్ 50 కనిపిస్తే అది మామూలు పెన్‌డ్రైవ్. స్కజీ (డిస్కులకు ఆజ్ఞలిచ్చే ప్రమాణం) ఆజ్ఞలను బల్క్ ఓన్లీ పద్ధతిలో వింటుంది. ప్రతి లావాదేవీకి మూడు అడుగులు ఉంటాయి. ఒకప్పుడు రేషన్ దుకాణంలో కార్డు చూపించి, సరుకు తీసుకుని, సంతకం పెట్టినట్టే. ముందు 31 బైట్ల ఆజ్ఞ వెళ్తుంది, తర్వాత డేటా నడుస్తుంది, చివర 13 బైట్ల స్థితి వస్తుంది. మూడో అడుగు పూర్తిగా చదవకుండా ఇంకో ఆజ్ఞ పంపారంటే పెన్‌డ్రైవ్ బిగుసుకుపోతుంది.

కొత్తవారు తడబడే చోటు ఒకటి ఇక్కడే ఉంది. ఆ 31 బైట్ల ఆజ్ఞ ఒక కవరు లాంటిది. దాని అంకెలు చిన్న బైటు ముందు వచ్చే క్రమంలో ఉంటాయి. అదే కవరు లోపల ఉన్న స్కజీ ఆజ్ఞలో మాత్రం పెద్ద బైటు ముందు వస్తుంది. ఒకే ప్యాకెట్టులో రెండు క్రమాలు. పెన్‌డ్రైవ్ పరిమాణం అడిగినప్పుడు వచ్చేది సెక్టార్ల సంఖ్య కాదు, చివరి సెక్టారు నంబరు. ఒకటి కలుపుకోవాలి.

కొన్ని పెన్‌డ్రైవ్‌లు పని చేస్తాయి, కొన్ని చేయవు. ఎందుకు?

ఈ ప్రశ్న అడగని వాళ్లు లేరు. కారణం ఒక్కటి కాదు.

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది సిద్ధంగా ఉన్నావా అనే ఆజ్ఞ దగ్గరి తొందరపాటు. ఇప్పుడే కరెంటు అందుకున్న పెన్‌డ్రైవ్ మొదటిసారి అడిగినప్పుడు విఫలమైందని జవాబు ఇవ్వడం సహజం. అది లోపం కాదు. వెంటనే రిక్వెస్ట్ సెన్స్ ఆజ్ఞ పంపి కారణం చదవాలి. సెన్స్ కీ 6 వస్తే, ఇప్పుడే మేలుకున్నాను, మీడియా మారి ఉండవచ్చు అని చెబుతోందన్నమాట. మళ్లీ అడగండి. కీ 2 వస్తే ఇంకా సిద్ధం కాలేదు. కొంచెం ఆగి అడగండి. దాంతోపాటు అదనపు కోడ్ హెక్స్ 3ఏ వస్తే మాత్రం కార్డ్ రీడరులో కార్డే లేదని అర్థం. చాలా నమూనా ప్రోగ్రాములు మొదటి వైఫల్యానికే చేతులెత్తేస్తాయి. మెలకువ త్వరగా వచ్చే పెన్‌డ్రైవ్ వాటిలో పని చేస్తుంది, నెమ్మదిగా లేచేది చేయదు. కొన్ని సెకన్ల పాటు ఓపికగా మళ్లీ మళ్లీ అడిగే లూపు రాస్తే ఫిర్యాదుల్లో పెద్ద భాగం తీరిపోతుంది.

ఎన్ని లాజికల్ యూనిట్లు (విడి డిస్కులుగా కనిపించే భాగాలు) ఉన్నాయో అడిగే ఆజ్ఞ కొన్నిటికి తెలియదు. అవి స్టాల్ చేస్తాయి, అంటే ఆ ఆజ్ఞను కుదరదని తిప్పికొడతాయి. అప్పుడు ఒకటే ఉందనుకుని ముందుకు సాగాలి. పేరు, రకం అడిగే ఇంక్వైరీ ఆజ్ఞలో సరిగ్గా 36 బైట్లే అడగండి. అంతకు మించి అడిగితే బిగుసుకుపోయేవి ఉన్నాయి. డేటా దశలో స్టాల్ వస్తే ఆ ఎండ్‌పాయింట్ (డేటా నడిచే దారి) హాల్ట్ తొలగించి, స్థితి ప్యాకెట్టు చదవాలి. అదీ కుదరకపోతే బల్క్ ఓన్లీ రీసెట్ ఇవ్వాలి. చివరి అస్త్రం పవర్ స్విచ్.

ఆపైన డిస్కు అమరిక. కొన్నిటిలో మొదటి సెక్టారులో పార్టిషన్ పట్టిక ఉంటుంది. మరికొన్నిటిలో పట్టిక లేకుండా నేరుగా ఫ్యాట్ మొదలవుతుంది. రెండిటి చివరా 55, ఏఏ గుర్తులే ఉంటాయి కాబట్టి ఆ గుర్తును మాత్రమే చూసి నిర్ణయించకూడదు. జీపీటీ అనే ఇంకో రకం పార్టిషన్ పట్టికతో ఫార్మాట్ చేసినవి కూడా వస్తాయి.

బస్టాండు దగ్గర దుకాణంలో చవకగా దొరికే కొన్ని పెన్‌డ్రైవ్‌లు పైన రాసినంత పరిమాణం ఉన్నవే కావు. నకిలీ కంట్రోలరు 64 గిగాబైట్లని చెబుతుంది, లోపల అంత ఫ్లాష్ ఉండదు. నిండే దాకా బాగుంటుంది, తర్వాత పాత డేటాను మింగేస్తుంది. ఎఫ్3 అనే ఉచిత సాధనంతో కంప్యూటర్ మీద పరీక్షించి తేల్చుకోవచ్చు.

ఫ్యాట్32 చాలా, ఎక్స్‌ఫ్యాట్ కూడా కావాలా?

ఫైలు వ్యవస్థకు ఫ్యాట్ఎఫ్‌ఎస్ లైబ్రరీ మంచి ఎంపిక. చిన్నది, ఉచితం, వాణిజ్య ఉత్పత్తుల్లో వాడుకోవచ్చు. 2016 నుంచి ఎక్స్‌ఫ్యాట్‌ను కూడా చదువుతుంది. అందుకు పొడవైన పేర్ల సదుపాయం కూడా తెరవాలి.

మీ డేటాకు ఫ్యాట్32 ఎంతో చాలు. కానీ నిర్ణయం మీ డేటాది కాదు, దుకాణానిది. 32 గిగాబైట్ల లోపువి సాధారణంగా ఫ్యాట్32లో వస్తాయి. 64, అంతకు మించినవి ఎక్కువగా ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తాయి. విండోస్ ఫార్మాట్ కిటికీ కూడా చాలా ఏళ్లపాటు 32 గిగాబైట్లు దాటితే ఫ్యాట్32 ఇవ్వలేదు. చిన్నవి దొరకడం తగ్గుతున్న కొద్దీ ఎక్స్‌ఫ్యాట్ లేని పరికరం వద్ద వినియోగదారుడు ఇబ్బంది పడతాడు. మైక్రోసాఫ్ట్ 2019లో ఎక్స్‌ఫ్యాట్ వివరాలను బహిరంగంగా ప్రచురించింది. అమ్మే సరుకులో పెట్టే ముందు లైసెన్సు సంగతి మాత్రం నిపుణులను అడగండి.

విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ జోలికి వెళ్లకండి. తెర మీద పెన్‌డ్రైవ్ చెడింది అని చూపకుండా, ఈ ఫార్మాట్ చదవలేను, ఫ్యాట్32లో ఫార్మాట్ చేయండి అని తెలుగులో చూపించండి.

ఫైళ్ల పేర్లు తెలుగులో ఉంటే?

పెట్టాలి, పెట్టవచ్చు. ఫ్యాట్‌లో పొడవైన పేర్లు యూటీఎఫ్-16లో ఉంటాయి. ఒక్కో డైరెక్టరీ ఎంట్రీలో 13 సంకేతాలు పడతాయి. మనం పాలరేటు అని నాలుగు అక్షరాలు రాసినా, గుణింతాలు విడిగా లెక్కపెడితే అవి ఏడు సంకేతాలు. యూటీఎఫ్-8లో 21 బైట్లు. పేరు కోసం మీరు 12 బైట్ల బఫరు ఉంచారంటే కథ అక్కడే ఆగిపోతుంది. ఫ్యాట్ఎఫ్‌ఎస్‌లో పొడవైన పేర్లను తెరిచి, యూనికోడ్ అమరికను యూటీఎఫ్-8కు పెట్టుకోండి. లైనక్స్‌లో అయితే మౌంట్ చేసేటప్పుడు యూటీఎఫ్-8 ఎంపిక ఇవ్వండి. గుడి పెట్టెలో పాటల పేర్లు ప్రశ్నార్థకాలుగా కనిపించడానికి కారణం సాధారణంగా ఇదే. సంకేతాలు సరిగ్గా చదివినా, ఒత్తులు కలిపి చూపడానికి తెర వైపు ఫాంటు ఇంజను వేరే కావాలి.

వేగం ఎంత వస్తుంది?

ఫుల్ స్పీడులో ఒక మిల్లీసెకనుకు 64 బైట్ల బల్క్ ప్యాకెట్లు ఎక్కువలో ఎక్కువ 19 పడతాయి. అంటే సెకనుకు సుమారు 12 లక్షల బైట్లు. చేతికి అందేది అంతకంటే తక్కువే. ఒక్కో సెక్టారు చొప్పున రాస్తే ప్రతి 512 బైట్లకూ ఆ మూడు అడుగుల తంతు జరగాలి, వేగం దారుణంగా పడిపోతుంది. నాలుగు కిలోబైట్లు, కుదిరితే అంతకంటే పెద్ద ముక్కలుగా రాయండి.

అసలు ఎంత కావాలో లెక్క వేసుకోండి. ఒక కేంద్రానికి 200 మంది రైతులు రెండు పూటలా పాలు పోస్తారనుకుందాం. ఒక్కో నమోదు 100 బైట్లు అనుకుంటే రోజుకు 40 కిలోబైట్లు. 128 కిలోబిట్ల పాటకు సెకనుకు 16 కిలోబైట్లు చాలు. ఈ పనులకు హై స్పీడు కోసం అదనపు ఫై చిప్ (తీగల మీద సంకేతాలు నడిపేది) పెట్టడం వృథా.

సగటు వేగం కన్నా భయపడాల్సింది మధ్యలో వచ్చే విరామాలకు. లోపలి కంట్రోలరు పాత బ్లాకులు చెరిపి సర్దుకునేటప్పుడు వందల మిల్లీసెకన్ల పాటు బదులివ్వకపోవచ్చు. ఆ సమయంలో సెన్సర్ల నుంచి వచ్చే డేటా పోకుండా రామ్‌లో బఫరు ఉంచండి. రాసే పనిని వేరే టాస్కుకు అప్పగించండి.

రాస్తుండగా కరెంటు పోతే, లేదా పెన్‌డ్రైవ్ లాగేస్తే ఏమవుతుంది?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి. రైతుకు పదిహేను రోజుల పాల డబ్బు ఈ ఫైలు మీద ఆధారపడి ఉంటుంది.

ఫైలుకు కొత్త వరుస చేరాలంటే మూడు చోట్ల రాయాలి. డేటా ఒక చోట, ఏ క్లస్టరు (సెక్టార్ల గుంపు) తర్వాత ఏది అనే ఫ్యాట్ పట్టిక ఇంకో చోట, ఫైలు పొడవు డైరెక్టరీలో. ఫ్యాట్‌కు జర్నల్ (చేయబోయే మార్పులను ముందే రాసుకునే చిట్టా) లేదు. రెండో చోటు రాసి మూడోది రాసేలోపు కరెంటు పోతే డేటా డిస్కు మీద ఉంటుంది కానీ ఫైలు పొడవులో లెక్కకు రాదు. ఫ్యాట్ఎఫ్‌ఎస్‌లో ఫైలు పొడవు డైరెక్టరీకి చేరేది సింక్ చేసినప్పుడో (బఫరులో ఉన్నదంతా డిస్కుకు రాయించినప్పుడో), మూసినప్పుడో మాత్రమే. పొద్దుటి నుంచి తెరిచి ఉంచిన కొత్త ఫైలు సాయంత్రం సున్నా బైట్లుగా కనిపించడానికి కారణం ఇదే. పెన్‌డ్రైవ్ లోపల ఇంకో ప్రమాదం ఉంది. అది తన పట్టికలను సర్దుకుంటున్నప్పుడు కరెంటు పోతే, మీరు ముట్టుకోని పాత ఫైళ్లు కూడా చెడవచ్చు. దాన్ని మీ ఫర్మ్‌వేర్ ఆపలేదు.

అందుకే పెన్‌డ్రైవ్‌ను అసలు ప్రతిగా ఎన్నడూ భావించకండి. ప్రతి నమోదూ మొదట బోర్డు మీది ఫ్లాష్‌లోకో ఎఫ్‌ర్యామ్‌లోకో (కరెంటు పోయినా డేటా నిలిచే మెమరీ) వెళ్లాలి. అక్కడ లిటిల్ఎఫ్‌ఎస్ లాంటి, కరెంటు పోయినా నిలకడగా ఉండే ఫైలు వ్యవస్థ వాడండి. పెన్‌డ్రైవ్ పెట్టినప్పుడు దాని నుంచి నకలు తీయండి. ముందు తాత్కాలిక పేరుతో రాయండి, సింక్ చేయండి, మూసేయండి, తిరిగి చదివి సీఆర్‌సీ (డేటా మారలేదని తేల్చే అంకె) సరిచూడండి. అన్నీ కుదిరాకే అసలు పేరు పెట్టండి. డెయిరీకి చేరిందని రుజువు వచ్చేవరకు లోపలి ప్రతిని చెరపవద్దు.

ఇక లాగేయడం. తీయవద్దని బోర్డు రాసి పెట్టినా లాగేస్తారు. తెల్లవారుజామున క్యానుల వ్యాను హారన్ కొడుతుంటే ఎవరు ఆగుతారు? పోర్టు పక్కనే దీపం పెట్టండి. రాస్తున్నప్పుడు ఎరుపు, అయిపోయాక ఆకుపచ్చ, ఒక చిన్న బీప్. రాసే సమయాన్ని ఒకటి రెండు సెకన్లకు కుదించండి. అప్పుడు మనిషి ఓపిక మీద భారం పడదు. పెన్‌డ్రైవ్ మధ్యలో పోయినా ఫర్మ్‌వేర్ బిగుసుకుపోకుండా ప్రతి బదిలీకీ కాలపరిమితి పెట్టండి, తెరిచి ఉన్న ఫైలు ఆధారాలన్నిటినీ చెల్లనివిగా గుర్తించి మళ్లీ మొదటి స్థితికి రండి.

డీబగ్గర్‌లో ఆపి చూస్తే డేటా సరిగ్గా ఉంది, పెన్‌డ్రైవ్ మీద చెత్త ఉంది. ఏమిటిది?

మీది కాష్ ఉన్న కార్టెక్స్-ఎం7 ప్రాసెసరు అయి ఉంటుంది. ప్రాసెసరు రాసింది కాష్‌లో (ప్రాసెసరు పక్కనుండే వేగపు మెమరీ) ఆగింది, డీఎంఏ (ప్రాసెసరు ప్రమేయం లేకుండా డేటా తరలించే భాగం) మాత్రం రామ్‌లోని పాత విలువను పంపింది. పంపే ముందు కాష్ క్లీన్ చేయండి. చదివాక ఇన్‌వాలిడేట్ చేయండి. బఫర్లను 32 బైట్ల హద్దుకు అమర్చి, పొడవు కూడా 32 గుణిజంగా ఉంచండి. లేకపోతే పక్కనున్న వేరియబుల్ కూడా పాడవుతుంది. కొన్ని చిప్‌లలో కొన్ని రామ్ భాగాలను డీఎంఏ చేరలేదు. లింకర్ స్క్రిప్టులో బఫరు ఎక్కడ పడిందో చూడండి.

ఫైలు తేదీ 1980 అని చూపిస్తోంది.

ఫ్యాట్ తేదీలు మొదలయ్యేది 1980 నుంచే. సమయం ఇచ్చే ఫంక్షన్‌ను మీరు రాయలేదు. గడియారం చిప్, సెల్లు పెట్టి భారత కాలమానమే ఇవ్వండి. ఫ్యాట్‌లో కాలమండలం నమోదు కాదు, ఫైలు మార్చిన సమయంలో సెకన్లు రెండేసి చొప్పున మాత్రమే నిలుస్తాయి.

ఎవరైనా పెన్‌డ్రైవ్‌తో రేటు చార్టు మార్చేస్తే?

మార్చగలరు. ఫైలును చూసి నమ్మే పరికరాన్ని ఎవరైనా మోసగించవచ్చు. రేటు చార్టు ఫైలుకు డెయిరీ వద్ద రహస్య కీతో డిజిటల్ సంతకం చేసి, పరికరంలో బహిరంగ కీ మాత్రమే ఉంచి సరిచూడండి. అన్ని పెట్టెల్లోనూ ఒకే రహస్య పదం పెట్టే పద్ధతి వద్దు. ఒక పెట్టె విప్పితే అన్నీ పోతాయి. అమలు తేదీ, వరుస సంఖ్య కూడా సంతకంలోకి వచ్చేలా చేయండి. లేకపోతే పాత చార్టునే తిరిగి పెడతారు. ఫైలులోని ప్రతి వరుస పొడవు, ప్రతి అంకె హద్దు తనిఖీ చేశాకే వాడండి.

పెన్‌డ్రైవ్ రూపంలో ఉన్నదల్లా పెన్‌డ్రైవ్ కాకపోవచ్చు. 2014లో బయటపెట్టిన బ్యాడ్‌యూఎస్‌బీ దాడిలో కంట్రోలర్ ఫర్మ్‌వేర్‌నే మార్చి, దాన్ని కీబోర్డులా నటింపజేశారు. చిన్న మైక్రోకంట్రోలర్‌లో మాస్ స్టోరేజ్ డ్రైవరు ఒక్కటే ఉంటే ఆ కీబోర్డు మాట వినేవారే ఉండరు. లైనక్స్ బోర్డు అయితే అవసరం లేని డ్రైవర్లను కెర్నల్ నుంచి తీసేయండి.

ఫర్మ్‌వేర్‌ను పెన్‌డ్రైవ్ ద్వారా మార్చవచ్చా?

మార్చవచ్చు, ఊరూరా తిరిగే ఖర్చు తగ్గుతుంది. బూట్‌లోడర్ (కరెంటు రాగానే మొదట నడిచే చిన్న ప్రోగ్రాము) కొత్త ఫర్మ్‌వేర్ సంతకాన్ని సరిచూడాలి. పాత ప్రోగ్రామును అలాగే ఉంచి కొత్తది ఇంకో భాగంలో రాయాలి. కొత్తది సరిగ్గా లేచిందని తేలకపోతే పాతదానికి తిరిగి రావాలి. కాటా లోపలి కొలత ప్రోగ్రామును మాత్రం ఈ దారిలో మార్చే వీలు పెట్టకండి. తూనికలు కొలతల శాఖ ముద్ర వేసేది ఆ కాటాకు.

పెన్‌డ్రైవ్‌ను ఎప్పటికీ పరికరంలోనే ఉంచి నిల్వగా వాడవచ్చా?

వద్దు. నిరంతరం చిన్న చిన్న ముక్కలు రాయడానికి, వేసవి వేడికి సాధారణ పెన్‌డ్రైవ్ తయారైనది కాదు. శాశ్వత నిల్వకు బోర్డు మీద ఫ్లాష్ చిప్పో, ఈఎంఎంసీయో (బోర్డుకు అతికించే నిల్వ చిప్), పారిశ్రామిక శ్రేణి ఎస్‌డీ కార్డో పెట్టండి.

యూఎస్‌బీ సంస్థ నుంచి వెండర్ నంబరు కొనాలా?

హోస్ట్‌గా మాత్రమే పని చేసే పరికరానికి అక్కర్లేదు. ఏ కంపెనీదో చెప్పే ఆ నంబరు డివైస్‌లకు. అనుమతి లేకుండా యూఎస్‌బీ ముద్ర చిహ్నాన్ని మాత్రం పెట్టె మీద వేయవద్దు.

అమ్మే ముందు ఏయే పరీక్షలు చేయాలి?

వేర్వేరు కంపెనీల, వేర్వేరు వయసుల పెన్‌డ్రైవ్‌లు ఒక డబ్బా నిండా పోగు చేయండి. పాత 2 గిగాబైట్లది, ఫ్యాట్16లో ఉన్నది, కొత్త 128 గిగాబైట్లది, కార్డ్ రీడరు, పార్టిషన్ లేనిది, పూర్తిగా నిండినది, రాత నిరోధించినది అన్నీ ఉండాలి. ప్రతి ఫర్మ్‌వేర్ విడుదలకూ అన్నిటినీ పెట్టి చూడండి.

కరెంటు పరీక్షను రిలేతో చేయండి. రాస్తుండగా యాదృచ్ఛిక క్షణాల్లో సరఫరా తెంచి, మళ్లీ ఇచ్చి, లోపలి ప్రతి చెక్కుచెదరలేదని ప్రోగ్రామే సరిచూసుకునేలా రాత్రంతా నడపండి. సాకెట్టులో 5 వోల్టులను నేలకు షార్టు చేసి, పెట్టె రీసెట్ కాకుండా తప్పు చూపిస్తోందో లేదో చూడండి. నిర్లక్ష్యంగా సగం గుచ్చి, పక్కకు వంచి, వెంటవెంటనే పెట్టి తీసి చూడండి. పిల్లలు ఆడుకునే యూఎస్‌బీ ఫ్యాను, ఫోను, కీబోర్డు కూడా గుచ్చండి. పెట్టె వాటిని గుర్తించనని మర్యాదగా చెప్పి తన పని తాను చేసుకోవాలి.

ఓటీజీ, ఎంబెడెడ్ హోస్ట్ ప్రమాణం ప్రకారం మీ పరికరం ఏయే డివైస్‌లతో పని చేస్తుందో తయారీదారు ఒక జాబితా ఇవ్వాలి. పైన పరీక్షించినవాటిలో నెగ్గిన వాటి పేర్లు, పరిమాణాలు, ఫార్మాట్లు ఆ జాబితాలో రాసి, వాడకం పుస్తకంలో తెలుగులో ముద్రించండి. కేంద్రం నడిపే వ్యక్తి కొత్త పెన్‌డ్రైవ్ కొనడానికి దుకాణానికి వెళ్లేటప్పుడు ఆ పేజీనే ఫోనులో ఫొటో తీసుకుని వెళ్తాడు.